పవర్ ఆఖర్న: సెకండ్‌హ్యాండ్ హాట్ హ్యాచ్ కొన్నవాళ్ల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే ముచ్చట చుట్టూ తిరిగాయి. హాట్ హ్యాచ్ ఒకటి, అంటే ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో ఉన్న చిన్న చురుకైన కారు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం, ఇంకొంచెం ఉరికించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నల్గొండ, పాలమూరు వైపు రోడ్లు, ఎండ, దుమ్ము, బంకుల్లో దొరికే పెట్రోలు లెక్కలోకి తీసుకుని జవాబులు రాశాం.

ప్రశ్న (నల్గొండ): పోలో హైలైన్ ప్లస్ 1.0 టీఎస్ఐ, 2021 మోడల్, మాన్యువల్ గేర్లు, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. హైదరాబాద్‌ల కొన్న. రెండు లక్షలు పక్కన పెట్టిన. స్టేజ్ 1 రీమ్యాప్, కోన్ ఫిల్టర్, లోయరింగ్ స్ప్రింగులు, 17 ఇంచుల అల్లాయ్‌లు, ఇదీ నా లిస్టు. వారానికి మూడు సార్లు నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ పోయి వస్త. ఏది ముందు చేయించాలె?

జవాబు: మీ లిస్టులో పరుగు పెంచేవి ఉన్నాయి, అందం పెంచేవి ఉన్నాయి. బండిని ఆపేది ఒక్కటీ లేదు. పైగా 58 వేలు తిరిగిన కారును పాత ఓనరు ఎట్లా వాడాడో మీకు ఇంకా తెలియదు. అందుకని వరుస మార్చుకోండి. ముందు బండి ఆరోగ్యం, తర్వాత టైర్లు, బ్రేకులు, షాకప్‌లు. ఇవన్నీ కుదిరాకే రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటరులోని ఫైలు మార్చి పవరు పెంచడం (సామాను మార్చకుండా చేసేదే స్టేజ్ 1). కోన్ ఫిల్టరు (పెట్టె లేకుండా పెట్టే ఎయిర్ ఫిల్టరు), లోయరింగ్ స్ప్రింగులు (బండిని దించే పొట్టి స్ప్రింగులు) మీ వాడకానికి అక్కర్లేదు. ఎందుకో కింది జవాబుల్లో ఉంది.

మొదటి నెల కొత్త సామాను ఏదీ కొనకండి. సర్వీసు బుక్కులో స్టాంపులున్నా సరే ఇంజిన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, మూడు స్పార్క్ ప్లగ్గులు, బ్రేక్ ఆయిలు మార్పించండి. ఇంజిన్ ఆయిలు సుమారు నాలుగు లీటర్లు పడుతుంది. డబ్బా ముందున్న 5డబ్ల్యూ-30 లాంటి గ్రేడు ఒక్కటే చూస్తే సరిపోదు. డబ్బా వెనక ఫోక్స్‌వ్యాగన్ ఆమోదం నంబరు ఉంటుంది, అది మీ ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్న నంబరుతో కలవాలి. కంపెనీ లెక్కలో 15 వేల కిలోమీటర్లకు ఒకసారి మారిస్తే చాలు. రీమ్యాప్ ఆలోచన ఉన్నవాళ్లు 7,500కే మార్చడం మేలు. టర్బో ఇరుసు ఆ ఆయిలు మీదే తేలుతూ తిరుగుతుంది, అక్కడి వేడికి ముందుగా పాడయ్యేదీ ఆయిలే.

తీసిన ప్లగ్గుల్ని మెకానిక్ చెత్తడబ్బాలో వేయకముందే అడిగి తీసుకోండి. ఒకటి, రెండు, మూడు సిలిండర్ల వరుసలోనే తెల్లగుడ్డ మీద పేర్చి, పగటి వెలుగులో చూడండి. మూడింటి కొనమీది పింగాణీ ఒకే లేత గోధుమ రంగులో ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఒక్కటే నల్లగా, తడిగా ఉంటే ఆ సిలిండరులోకి ఆయిలు దిగుతోంది, లేదా దాని కాయిల్ సరిగా మండించడం లేదు. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు, మధ్యమధ్యలో వెండి మెరుపులు కనిపిస్తే మాత్రం ఆగి ఆలోచించాలి. ఆ మెరుపులు పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. ఇంజిన్ గట్టిగా నాక్ అయితేనే, అంటే సిలిండరులో పెట్రోలు అదుపు తప్పి పేలినట్టు మండితేనే, అవి వచ్చి అంటుకుంటాయి. అమ్మేముందు పాత ఓనరు రీమ్యాప్ తీసేసి కంపెనీ ఫైలు తిరిగి ఎక్కించి ఉండొచ్చు. స్కానరులో ఆ జాడ దొరక్కపోయినా ప్లగ్గు మీద దొరుకుతుంది. అట్లాంటి ప్లగ్గు కనిపిస్తే సిలిండర్లు ఒత్తిడి నిలుపుతున్నాయో లేదో చూసే కంప్రెషన్ టెస్టు, లీక్‌డౌన్ టెస్టు చేయించందే ఇంకో రూపాయి పెట్టకండి.

స్కానరు పెట్టినప్పుడు ఎర్రర్ కోడ్‌లు లేవని విని వచ్చేయకండి. లైవ్ డేటాలో మూడు అంకెలు రాసుకోండి. ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు పెట్రోలును ఎంత పెంచి, తగ్గించి సరిదిద్దుతోందన్న లెక్క) ప్లస్ లేదా మైనస్ 5 శాతం లోపు ఉంటే బాగున్నట్టు. 10 దాటితే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా ఇంజెక్టరు, సెన్సరులో లోపం ఉంది. రెండోది సిలిండరు వారీగా మిస్‌ఫైర్ లెక్క, అంటే పెట్రోలు ఎన్నిసార్లు సరిగా మండలేదన్నది. మూడోది నాకింగ్ వల్ల ఇగ్నిషన్ (ప్లగ్గు మెరిసే సమయం) ఎన్ని డిగ్రీలు వెనక్కి పోతోందన్నది. మామూలు పెట్రోలు మీద, కంపెనీ ఫైలుతోనే, మూడు సిలిండర్లలో ఒకటి మాత్రం పదేపదే వెనక్కి పోతుంటే దాని మీద ఎక్కువ బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెట్టడం ప్రమాదం.

ఈ ఇంజిన్‌లో గేర్‌బాక్సు వైపు నీళ్ల పంపు, థర్మోస్టాట్ ఒకే ప్లాస్టిక్ గూటిలో ఉంటాయి. అక్కడ సన్నగా లీకవడం ఈ ఇంజిన్లకు తెలిసిన రోగమే. టార్చి వేసి చూడండి. ఎండిన గులాబీ రంగు చార గానీ, ఉప్పు పేరుకున్నట్టు పొర గానీ ఉంటే కూలెంట్ కారుతున్నట్టే. కూలెంట్ డబ్బాలో మట్టం నెలకోసారి తగ్గుతుంటే అనుమానం తీరిపోతుంది. ఎండాకాలం రాకముందే ఆ యూనిట్ మార్పించండి. నల్గొండలో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల్లో హైవే మీద కూలెంట్ తక్కువైతే ఏ రీమ్యాపూ మిమ్మల్ని ఇల్లు చేర్చదు.

ఇక టైర్లు. పక్కగోడ మీద కోడి గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైనట్టు. కారుతో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే, అరుగుదల తక్కువగా కనిపించినా రబ్బరు ఎండకు గట్టిపడి ఉంటుంది. కంపెనీ సైజు 195/55 ఆర్16 లోనే మంచి పట్టున్న టైర్లు నాలుగూ ఒకేసారి వేయించండి. వర్షంలో బ్రేకు కొట్టినప్పుడు మీకు తేడా తెలిసేది ఇక్కడే. గాలి పెట్రోలు మూత లోపలి స్టిక్కరులో ఉన్నంతే, పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. చక్రాల బోల్టులు గాలి గన్నుతో చివరిదాకా బిగించనీయకండి, టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లు. గన్నుతో బిగిస్తే ఒక బోల్టు ఎక్కువ, ఒకటి తక్కువ అయ్యి, డిస్కు వంకరపోయినట్టు స్టీరింగ్ వణుకుతుంది.

షాకప్‌లకు 58 వేల కిలోమీటర్లు చిన్న లెక్కేమీ కాదు. ఆయిలు కారిందా, పైన స్ట్రట్ మౌంట్ కటకటమంటోందా, లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) చిరిగాయా చూడండి. ముందు రెండూ జతగా, వెనక రెండూ జతగా మార్చాలి. ఒక్కటే మారిస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. కొత్త షాకప్‌లు, కొత్త బుష్‌లు, అలైన్‌మెంట్ అయ్యాక ఒకసారి నడిపి చూడండి. లోయరింగ్ స్ప్రింగుల కోరికలో సగం అక్కడే తీరుతుంది.

ఇప్పుడు రీమ్యాప్. కంపెనీ లెక్క పవరు 110 పీఎస్, టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 175 న్యూటన్ మీటర్లు. స్టేజ్ 1లో 130 పీఎస్ దాటించి చూపించే ట్యూనర్లు చాలామంది ఉన్నారు, పవరు గురించి మాకు అంత బెంగ లేదు. బెంగంతా టార్క్ గురించే. మీ గేర్‌బాక్సు కుటుంబం పేరు ఎంక్యూ200. ఆ పేరులోని 200, అది మోయగల టార్క్‌కు గుర్తు. 230, 240 న్యూటన్ మీటర్లు 2,000 ఆర్పీఎం దగ్గరే ఒక్కసారిగా వచ్చిపడే ఫైలు వేయిస్తే మొదటి వారం గుండె నిండుతుంది. తర్వాత నాలుగో గేరులో క్లచ్ జారడం మొదలవుతుంది, దాని వెనకాల గేర్ల పళ్ల మీద భారం పడుతుంది. ట్యూనరుకు ఇట్లా చెప్పండి: కింద ఆర్పీఎంలో టార్క్ 200 చుట్టుపక్కలే ఉంచండి, 4,000 పైన పడిపోకుండా నిలపండి. షోరూం ముందు చెప్పుకోడానికి అంకె చిన్నదే గానీ, చిట్యాల దాటాక లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు కావలసింది ఆ పైభాగమే.

క్లచ్ తట్టుకుంటుందో లేదో ముందే తేల్చుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 2,000 ఆర్పీఎం దగ్గర నుంచి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కండి. స్పీడు మెల్లగా పెరుగుతుంటే ఆర్పీఎం ముల్లు మాత్రం గబుక్కున పైకి లేచిందంటే ప్లేటు అయిపోయినట్టే. అప్పుడు క్లచ్ ఖర్చు ముందు, రీమ్యాప్ తర్వాత.

ట్యూనరు దగ్గర మూడు అడగండి. మీ కంపెనీ ఫైలు కాపీ మీ చేతికివ్వాలి. రీమ్యాప్‌కు ముందు, తర్వాత, ఒకే రోజు, ఒకే డైనో (పవరు కొలిచే యంత్రం) మీద తీసిన రెండు గ్రాఫులు ఇవ్వాలి. ఆ తర్వాతి వారం మీరు రోజూ కొట్టించే బంకు పెట్రోలుతో లాగ్ (నడిపేటప్పుడు నమోదైన అంకెలు) చూసి, ఇగ్నిషన్ వెనక్కి పోతుంటే ఫైలు సరిదిద్దాలి. మూడోదానికి ఒప్పుకోని చోట బండి వదలకండి. ఎక్కడో చల్లని దేశంలో, మంచి ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఉన్న పెట్రోలు మీద చేసిన ఫైలును మన ఎండలో ఉన్నదున్నట్టు ఎక్కించడమే ఇంజిన్లు పోవడానికి పెద్ద కారణం.

రీమ్యాప్ అయ్యాక నడిపే తీరు కూడా కొంచెం మారాలి. ఐదు, ఆరు గేర్లలో 1,500 ఆర్పీఎం దగ్గర యాక్సిలరేటరు నేలకు తొక్కకండి. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో ఆ పరిస్థితిలోనే ప్లగ్గు మెరవకముందే పెట్రోలు మండిపోయే జబ్బు వస్తుంది. ఒక్క దెబ్బకే పిస్టన్ రింగు పట్టు విరగొచ్చు. ఒక గేరు తగ్గించి తొక్కితే ఆ బాధ లేదు. ఈ జబ్బును తగ్గించేలా చేసిన ఆయిళ్ల మీద ఏపీఐ ఎస్‌పీ అన్న గుర్తు ఉంటుంది.

రెండు లక్షల్లో మొదటి సర్వీసు, లీకులు, బుష్‌లకు పాతిక శాతం, టైర్లకు, బ్రేకులకు కలిపి ఇంకో ముప్పై, షాకప్‌లకు ఇరవై పెట్టుకోండి. మిగిలినదాంట్లో రీమ్యాప్ అవుతుంది. కొంత ముట్టకుండా దాచండి. సెకండ్‌హ్యాండ్ బండి మొదటి ఏడాదిలో ఏదో ఒకటి అడగక మానదు.

ప్రశ్న (మహబూబ్‌నగర్): 2016 పోలో జీటీ టీఎస్ఐ, డీఎస్‌జీ ఆటోమేటిక్. క్లాక్ టవర్ దగ్గర రద్దీల ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు వణుకుతుంది. రీమ్యాప్ చేస్తే వణుకు పోతదని ఒకాయన చెప్పిండు. నిజమేనా?

జవాబు: నమ్మకండి. మీ గేర్‌బాక్సు ఏడు గేర్ల డీక్యూ200. అందులో రెండు క్లచ్‌లు, రెండూ పొడివి, ఆయిలులో మునగవు. మెల్లగా పాకే ట్రాఫిక్‌లో అవి సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతాయి. ఆ వేడికి ప్లేటు ముఖం అద్దంలా నున్నబడితే వణుకు మొదలవుతుంది. దాని మీద ఇంకా టార్క్ పోస్తే వణుకు త్వరగా పెద్దదవుతుంది.

ముందు ఫోక్స్‌వ్యాగన్ బండ్లకు పనికొచ్చే స్కానరున్న చోట రెండు క్లచ్‌ల అరుగుదల, ఉష్ణోగ్రత చరిత్ర చదివించండి. అరుగుదల ఇంకా హద్దులోనే ఉంటే క్లచ్ అడాప్టేషన్ చేస్తారు, అంటే ప్లేటు ఎక్కడ పట్టుకుంటోందో కంప్యూటరుకు మళ్లీ నేర్పడం. చాలా బండ్లకు దాంతోనే తేడా కనిపిస్తుంది. రెండు వారాల్లో వణుకు తిరిగొస్తే క్లచ్ ప్యాక్ మార్చక తప్పదు. డిస్‌ప్లేలో గేరు అక్షరాలు మిణుకుతూ బండి కదలకపోతే అనుమానం క్లచ్ మీద కాదు, గేర్లను, క్లచ్‌లను నడిపే మెకట్రానిక్ యూనిట్ మీద. రెండింటి ఖర్చులో చాలా తేడా ఉంది, రోగం తేలకముందే విప్పనీయకండి. ఆయిలు కూడా ఇందులో రెండు వేర్వేరు చోట్ల ఉంటుంది, గేర్లకొకటి, మెకట్రానిక్‌కొకటి. ఒకటి మార్చి రెండూ మార్చామనే చోట్లున్నాయి, బిల్లులో విడివిడిగా రాయించుకోండి.

గేర్‌బాక్సు కుదుటపడ్డాక రీమ్యాప్ చేయించుకోవచ్చు. డీక్యూ200 హద్దు 250 న్యూటన్ మీటర్లు, మీ ఇంజిన్ కంపెనీ లెక్క 175. 210 దగ్గర ఆపించండి. ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటరుతో బండిని నిలబెట్టే అలవాటుంటే ఈ రోజే మానేయండి. బ్రేకు మీద నిలపండి. ముందు బండి బారెడు కదిలితే మీరూ పాకడం కాదు, నాలుగు బారలు ఖాళీ అయ్యాక ఒకేసారి కదలండి.

ప్రశ్న (మిర్యాలగూడ): కోన్ ఫిల్టర్ పెడితే టర్బో సౌండ్ మస్తు వస్తది. మా ఇల్లు రైసుమిల్లుల పక్కనే. ఏమన్నా ఇబ్బందా?

జవాబు: మీ ఊరికి అన్నింటికన్నా పనికిరాని సామాను అదే. ఊక పొడి, వరికోతల రోజుల్లో గాలిలో తేలే నుసి, కాలువ గట్ల మీది ఎర్రమట్టి, అన్నీ కోన్ ఫిల్టరు మీదకే నేరుగా వస్తాయి. పైగా అది ఇంజిన్ పక్కనే మూత లేకుండా కూర్చుని వేడిగాలి పీలుస్తుంది. గాలి వేడెక్కితే కంప్యూటరే ఇగ్నిషన్ వెనక్కి లాగుతుంది. శబ్దం పెరిగి, పవరు తగ్గుతుందన్నమాట.

కంపెనీ పెట్టె అట్లాగే ఉంచి లోపలి ఫిల్టరు మంచిది వేయండి. 5,000 కిలోమీటర్లకోసారి తీసి దులపండి. కంప్రెసర్ గాలి కొట్టేటట్టయితే శుభ్రంగా ఉండే వైపు నుంచి దుమ్ము వైపుకు కొట్టాలి, ఎదురుగా కొడితే దుమ్ము కాగితంలోకి దిగబడుతుంది. ఫిల్టరు తీసినప్పుడు ఒక పరీక్ష చేయండి. ఫిల్టరు దాటాక టర్బో వైపు పోయే గొట్టంలో, తెల్లగుడ్డ చుట్టిన వేలు పెట్టి ఒకసారి గుండ్రంగా తుడవండి. గుడ్డ శుభ్రంగానో, కాస్త ఆయిలు మరకతోనో వస్తే బాగున్నట్టు. ఎర్రగా గరుకు దుమ్ము వస్తే ఫిల్టరు అంచు రబ్బరు సరిగా కూర్చోలేదు, లేదా పెట్టె క్లిప్పు విరిగింది. ఆ దుమ్ము టర్బో రెక్కల అంచుల్ని ఇసుక కాగితంలా అరగదీస్తుంది, మిగిలింది సిలిండరు గోడల మీద గీతలు పెడుతుంది.

ప్రశ్న (అచ్చంపేట): బాలెనో ఆర్‌ఎస్ తీసుకున్న. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడ్డది, కాలిన వాసన వచ్చింది. వెనక కూడా డిస్కులే ఉన్నయి గదా, ఇట్ల ఎందుకైంది? పెద్ద బ్రేక్ కిట్ పెట్టాల్నా?

జవాబు: కిట్ అక్కర్లేదు. మీరు రాసిన రెండు లక్షణాలకు రెండు వేర్వేరు కారణాలున్నాయి. రెండింటినీ కలిపేస్తే వైద్యం తప్పుతుంది.

కాలిన వాసన ప్యాడ్లది, అంటే డిస్కును రెండు వైపులా నొక్కి ఆపే పలకలది. ప్యాడ్ తన వేడి హద్దు దాటితే దాని జిగురు ఆవిరై డిస్కుకూ ప్యాడ్‌కూ మధ్య పొరలా నిలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. పెడల్ మెత్తబడడం మాత్రం ఆయిలుది. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా దిగొచ్చు. ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లో అది మరిగి బుడగలైతే మీ కాలు తొక్కేది బుడగల్ని. ఆయిలు ద్రవం కాబట్టి నలగదు, బుడగ నలుగుతుంది. పెడల్ అందుకే దిగిపోయింది. బండి చల్లారాక పెడల్ మళ్లీ మామూలైపోతుంది. దాంతో చాలామంది మరిచిపోతారు, మీరు మరవకండి.

చేయవలసింది: పాత ఆయిలు పూర్తిగా దించి, సీలు విప్పని డబ్బా నుంచి కొత్త డాట్ 4 పోయించి, నాలుగు చక్రాల దగ్గరా రంగు మారేదాకా బ్లీడింగ్ (పాత ఆయిలును, గాలిని బయటికి తీయడం) చేయించండి. ఒక లీటరు తీసుకుంటే చాలు. మళ్లీ రెండేళ్లకు. ప్యాడ్ మందం ఇనుప పలక కాకుండా 3 మిల్లీమీటర్ల లోపుంటే ఘాట్‌కు తీసుకెళ్లకండి. డిస్కు అంచు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, వెర్నియర్‌తో కొలిపించి చూడండి. ముందు చక్రాలకు వీధి వాడకానికి చేసిన కాస్త మెరుగైన ప్యాడ్లు వేయండి. అచ్చంగా రేసు ప్యాడ్లు వద్దు. అవి చల్లగా ఉన్నప్పుడు పట్టవు, పొద్దున ఇంటి ముందు సందులోనే భయపెడతాయి.

కొత్త ప్యాడ్లను కూర్చోబెట్టాలి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 దాకా గట్టిగా, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పది సార్లు తగ్గించి, తర్వాత బ్రేకు ముట్టకుండా పది నిమిషాలు నడిపి చల్లార్చండి. మధ్యలో పెడల్ తొక్కిపట్టి నిలబడితే డిస్కు మీద ప్యాడ్ ముద్ర పడి, తర్వాత పెడల్ కొట్టుకుంటుంది.

ఇక నడిపే తీరు. దోమలపెంట దాటాక దిగుడులో మూడో గేరు, మలుపుల్లో రెండో గేరు పెట్టి ఇంజిన్‌తోనే వేగాన్ని ఆపండి. బ్రేకు మీద కాలు ఆనించి పెట్టకుండా, గట్టిగా తొక్కి వదలండి, డిస్కుకు గాలి తగిలే వ్యవధి ఇవ్వండి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసే ఉంటుంది. గేటు పడేలోపు అడవి దాటాలన్న తొందరలోనే బ్రేకులు ఎక్కువగా కాలుతున్నాయి. గంట ముందు బయల్దేరండి. అడవి జంతువులు తిరిగే రోడ్డు అది, అక్కడ వేగం పరీక్షించకండి.

ప్రశ్న (గద్వాల): పోలోకు 215/45 ఆర్17 వాడిన అల్లాయ్‌లు, టైర్లతో సహా సగం ధరకు వస్తున్నయి. బండిని 35 మిల్లీమీటర్లు దించుదామని కూడా ఉంది.

జవాబు: చక్రం కొలతతో మొదలుపెడదాం. కంపెనీ 195/55 ఆర్16 చక్రం ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు. 215/45 ఆర్17 ఎత్తు 625. స్పీడోమీటరుకు ఇబ్బంది లేదు. 205/45 ఆర్17 అయితే 616, అదీ సరిపోతుంది. కుదరనిది వేరే చోట. పోలోకు బోల్టుల వరుస 5x100 (100 మిల్లీమీటర్ల వలయం మీద ఐదు బోల్టులు), మధ్య రంధ్రం 57.1 మిల్లీమీటర్లు. వాడిన అల్లాయ్‌లు 5x112 వి చాలా తిరుగుతుంటాయి, కంటికి ఒకేలా ఉంటాయి. బోల్టులు బలవంతంగా ఎక్కించి ఇచ్చే చోటు నుంచి వెంటనే వచ్చేయండి. మధ్య రంధ్రం పెద్దదైతే ఆ సందు నింపే హబ్ రింగులు కావాలి, లేకపోతే 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది. కొనేముందు నాలుగింటినీ బ్యాలెన్సింగ్ మిషను మీద టైరు లేకుండా తిప్పించి అంచు ఊగుతోందేమో చూడండి. లోపలి వైపు వెల్డింగు మచ్చ కనబడితే ధర ఎంతైనా వద్దు.

మాకైతే 17 ఇంచులు మీ వైపు రోడ్లకు నచ్చలేదు. పక్కగోడ పది మిల్లీమీటర్ల మేర తగ్గుతుంది. గుంతలో పడ్డప్పుడు రిమ్‌ను కాచేది ఆ పక్కగోడే. చక్రం బరువు పెరిగితే షాకప్‌కూ పని పెరుగుతుంది. 16 లోనే తేలికైన అల్లాయ్, 205/50 టైరు వేస్తే పట్టూ దక్కుతుంది, రిమ్మూ దక్కుతుంది. ఎత్తు 611కు వస్తుంది, స్పీడోమీటరు ఒకటిన్నర శాతం ఎక్కువ చూపిస్తుంది, అంతే.

దించడం గురించి. మన దగ్గర అమ్మిన పోలోకు నేలతో ఖాళీ సుమారు 165 మిల్లీమీటర్లు. 35 దించితే 130. నిబంధన ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున మెల్లగా 10 సెంటీమీటర్లు లేవాలి. ఊళ్లలో ఇళ్ల ముందు జనం పోసుకున్న సిమెంటు దిబ్బలు ఆ కొలత వినవు. నలుగురు ఎక్కిన బండి ఇంకా కిందికి దిగుతుంది, ఆయిల్ సంపు (ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి) ఆ దిబ్బకు తగిలితే పగిలేది సంపే. పైగా పొట్టి స్ప్రింగు కింద పాత షాకప్ ఎప్పుడూ బంప్ స్టాప్ (చివర ఉండే రబ్బరు అడ్డు) మీదే కొట్టుకుని ఏడాదిలోపే ఆయిలు కక్కుతుంది. కంపెనీ ఎత్తులోనే మంచి షాకప్‌లు వేయించండి.

ప్రశ్న (సూర్యాపేట): సైలెన్సర్ మార్చి, డౌన్‌పైప్ క్యాట్ లేకుండ పెట్టిస్తే ఆర్టీఏ వాళ్లు ఏమన్న అంటరా? ఇన్సూరెన్స్ సంగతేంది?

జవాబు: అంటారు, చట్టం గట్టిగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట ఖరారు చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ హద్దు దాటితే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు.

పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) తీసేస్తే చెక్ ఇంజిన్ లైటు పీ0420 కోడ్‌తో వెలుగుతుంది. కోడ్ కనబడకుండా ఫైలులో దాచొచ్చు, పొగ మాత్రం అందరి ముక్కుకూ తెలుస్తుంది. ఒక లీటరు ఇంజిన్‌లో దాన్నుంచి వచ్చే లాభం చిన్నది, దానికోసం పిల్లలు నడిచే వీధిలో ఆ గాలి వదలడం మాకు సమ్మతం కాదు. దయచేసి ముట్టకండి.

ఇన్సూరెన్సుకు రెండు పనులు. బండి మీ పేరు మీదకు మారిన 14 రోజుల్లోపు పాలసీ కూడా మీ పేరుకు మార్చమని దరఖాస్తు ఇవ్వాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. అల్లాయ్‌లు గానీ, రీమ్యాప్ గానీ చేయిస్తే ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, ఎండార్స్‌మెంట్ (పాలసీలో ఆ మార్పు నమోదు) దొరుకుతుందో లేదో తేల్చుకోండి. ఒప్పుకోకపోతే ఆ మార్పు చేయించకండి. చెప్పకుండా చేసి ప్రమాదమైతే సర్వేయరు మొదట పట్టుకునేది దాన్నే. క్లెయిము అక్కడే ఆగుతుంది.

ప్రశ్న (జడ్చర్ల): ఇప్పుడు బంకులల్ల ఇ20 పోస్తున్నరు. రీమ్యాప్ బండికి మంచిదా చెడ్డదా? 100 ఆక్టేన్ మీద ఫైలు వేయించుకోనా?

జవాబు: ఇ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నాకింగ్‌ను ఆపుతుంది, అది మేలు. కానీ ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే, కాబట్టి ఇంజెక్టర్లు ఎక్కువ పోయాలి. ఇంజెక్టరు హద్దు దాకా లాగిన ఫైలుకు అక్కడ ఊపిరి చాలదు, మిశ్రమం పలుచబడి పిస్టన్ వేడెక్కుతుంది. ట్యూనింగ్ రోజు ట్యాంకులో మీ బంకు ఇ20 యే ఉండాలి. తర్వాత నెలకోసారి ఫ్యూయల్ ట్రిమ్ చూసుకోండి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, నెల రోజులు కదలకుండా పెట్టే బండిలో పాత పెట్రోలు ఉంచకండి.

100 ఆక్టేన్ మీద ఫైలు వద్దు. బెంగళూరు హైవే మీద పెబ్బేరు దగ్గర ట్యాంకు ఖాళీ అయితే అది అక్కడే దొరుకుతుందన్న భరోసా లేదు. దొరికిన పెట్రోలుతో ఆ ఫైలు నాక్ అవుతుంది.

ప్రశ్న (కోదాడ): స్విఫ్ట్ 1.2 పెట్రోల్, టర్బో లేదు. రీమ్యాప్‌తో ఎంత పెరుగుతది?

జవాబు: స్టాప్‌వాచీకి తెలుస్తుందేమో గానీ మీకు తెలియనంత. టర్బో లేని ఇంజిన్ పీల్చే గాలి పెరగదు కాబట్టి కంప్యూటరు మార్చేదీ పెద్దగా ఉండదు. ఆ డబ్బుతో నాలుగు మంచి టైర్లు, బ్రేక్ ఆయిలు, ముందు షాకప్‌లు వేయించండి. రీమ్యాప్‌ను టర్బో బండి కొన్నాక చూసుకోవచ్చు.